ఆయాలకు వారానికి పావుగంట

పాలకొల్లు దగ్గర ఇరవై మంచాల వృద్ధాశ్రమం పెట్టామని, ఏడాదికోసారి బయటి నుంచి ఎవరినో పిలిచి ఆయాలకు క్లాసు చెప్పిస్తున్నా నెల తిరక్కుండానే మర్చిపోతున్నారని, ఏం చేయాలని అడిగారు. నేను కోనసీమలో అలాంటి చోటే తొమ్మిదేళ్లుగా నర్సుని. వాళ్ల తప్పేం లేదండీ. ప్రొజెక్టర్ పెట్టి రోజంతా చెప్తే నాకే నిద్రొస్తుంది.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఓ ఆగస్టులో గోదావరికి వరదొచ్చింది. మా వంటావిడది లంక గ్రామం, పడవ ఆపేశారు. ఇడ్లీ తొమ్మిదిన్నర దాకా దిగలేదు. నేనేమో అలవాటు ప్రకారం ఏడున్నరకే ఒక మామ్మగారికి ఇన్సులిన్ ఇచ్చేశాను. కాసేపటికి ఆవిడకి ఒళ్లంతా చెమటలు. కరెంటు కూడా లేదు కదా, ఉక్కపోతనుకుని ఆయా పాపం విసనకర్రతో విసురుతూ కూర్చుంది. నేను వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది, వేళ్లు వణుకుతున్నాయి. సుగర్ చూస్తే 48కి పడిపోయింది. స్పృహలో ఉన్నారు, మింగగలుగుతున్నారు కాబట్టి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. పావుగంటాగి మళ్లీ చూస్తే 80 దాటింది. తప్పు నాదే.

ఆ మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు ఆ మంచం దగ్గరే అందరినీ నిలబెట్టి, జరిగింది దాచకుండా చెప్పాను. కంచం వచ్చాకే సూది. చెమట పడితే ముందు ఒళ్లు ముట్టుకుని చూడాలి, చల్లగా ఉంటే వెంటనే నన్ను పిలవాలి. ఇంతే. ఇప్పటికీ ఒక్కరు కూడా మర్చిపోలేదు.

అప్పటి నుంచి ప్రతి బుధవారం రెండింటికి పావుగంట, ఒకే విషయం. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లో పనిచేసే మా పెదనాన్న కూతురు చెప్పింది, అక్కడి ఫెడరల్ రూలు ప్రకారం నర్స్ ఎయిడ్లకి, అంటే మన ఆయాల్లాంటి వాళ్లకి, ఏటా కనీసం 12 గంటల శిక్షణ ఉండాలట, మతిమరుపు వచ్చినవాళ్లతో ఎలా మెలగాలన్నదీ అందులో తప్పనిసరట. మన పావుగంటల్ని 52 వారాలకి లెక్కేయండి, 13 గంటలు!

చెప్పేది ఎప్పుడూ నర్సే కానక్కర్లేదు. మా ఆయా ఒకావిడ కువైట్‌లో ఎనిమిదేళ్లు ఓ ముసలాయన్ని చూసుకుని వచ్చింది. చదువు రాదు, సంతకం వరకే. మేం రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతున్నా ఓ తాతగారికి నడుము కింద చర్మం ఎర్రబడుతూనే ఉండేది. ఎందుకో ఆవిడ పని చూశాకే అర్థమైంది. మేం చంకల్లో చేతులేసి పైకి లాగేస్తున్నాం, ఒళ్లు పరుపుకి ఒరుసుకుపోతోంది. ఆవిడ కింద దుప్పటి మడిచి వేసి, చెరో అంచూ పట్టించి, ఎత్తి జరిపింది. ఆ వారం టీచరు ఆవిడే.

ఇక డబ్బు సంగతి. సెలవు రోజు క్లాసుకి రమ్మంటే ఆటో ఖర్చు ఎవరిస్తారు? మా ఓనర్లతో పోట్లాడి ఆ పావుగంటని డ్యూటీలోనే వేయించాను. నాట్లప్పుడు, కోతలప్పుడు కొత్త పాఠాలు పెట్టకండి, సగం మంది పొలాలకి పోతారు. ఆ వారాల్లో మేం పాతవే చేయించి చూస్తాం. రిజిస్టర్లో కూడా వచ్చారని రాయను, చేసి చూపించారా లేదా అన్నదే రాస్తాను.

మొదటి వారం ఏం చెప్పాలో తోచకపోతే, పోయిన నెల ఏం పొరపాటు జరిగిందో ఆయాల్నే అడగండి. తిట్టరని నమ్మకం కుదిరితే గానీ నోరు విప్పరు. మా దగ్గర నెల పట్టింది, అదీ ముందు నా సుగర్ కథ చెప్పాక.