'వైట్' చేతికొచ్చింది, 'బ్లాక్' గుర్తులేదు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

నిద్రపోయినప్పుడల్లా మరో లోకంలో మేలుకునే థామస్ హంటర్ కథగా టెడ్ డెక్కర్ రాసిన 'సర్కిల్' నవలల ('బ్లాక్', 'రెడ్', 'వైట్') మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆఖరి పుస్తకం 'వైట్' గురించే. పుస్తకం మూసిన రాత్రే రాసినవి కొన్ని. చదివే ఓపిక లేక ముగింపు చెప్పెయ్యమని అడిగినవి కొన్ని. ముగింపు చెప్పం. 'బ్లాక్', 'రెడ్'లో జరిగింది మాత్రం మాట్లాడక తప్పదు కాబట్టి, ఆ రెండూ చదవనివాళ్లు ఈ పేజీ దాచుకుని తర్వాత చదువుకోండి.

ప్రశ్న: మొదటి రెండు భాగాలూ చదివి రెండేళ్లయింది. ఇప్పుడు 'వైట్' దొరికింది. పదిహేను పేజీలు చదివేసరికి పేర్లన్నీ కలగాపులగమైపోయాయి. మళ్లీ మొదటినుంచి చదవాలంటారా?

జవాబు: తీరిక ఉంటే చదవండి. ఈ మూడూ 2004లోనే, నెలల తేడాతో వచ్చినవి. వరసబెట్టి చదివితే దొరికే ఊపు వేరు. తీరిక లేకపోతే మూడు చోట్లు చాలు. 'బ్లాక్'లో డెన్వర్ సందుల్లో థామస్ హంటర్ తలకు తూటా గీసుకుపోవడం దగ్గర మొదలుపెట్టి, అతను నల్లటి అడవిలో కళ్లు తెరిచి గబ్బిలాల నుంచి తప్పించుకునేదాకా చదవండి. అదే పుస్తకంలో, ఆ లోకపు మొదటి మనిషి అయిన తానిస్, నదిని దాటే ఘట్టం రెండోది. మూడోది 'రెడ్' ఆఖరి పావు భాగం. జస్టిన్‌ని ఏం చేశారో, చెరువు ఎందుకు ఎర్రబడిందో గుర్తులేకుండా 'వైట్' తెరిస్తే, చెట్ల మాటున దాక్కుని తిరిగే ఆ గుంపు ఎవరో, వాళ్లని ఎందుకు వేటాడుతున్నారో అర్థం కాదు.

తర్వాత ఒక కాగితాన్ని నిలువునా రెండుగా మడవండి. ఎడమవైపు మన లోకం: థామస్, సోదరి కారా, టీకా తయారుచేసిన కంపెనీకి చెందిన మోనిక్ డి రైసన్, ఆ టీకాను వైరస్‌గా మార్చి ప్రపంచాన్ని బెదిరించే స్వెన్సన్, అతని మనిషి కార్లోస్. కుడివైపు ఆ లోకం: అక్కడి దేవుడు ఎల్యోన్, నల్ల గబ్బిలాలైన షటైకీ, వాటి నాయకుడు టీలే, తెల్లటి గబ్బిలాలైన రౌష్, థామస్ భార్య రషెల్, అతని సేనలోని మికిల్, జోహాన్, అడవి జనానికి శత్రువులైన ఎడారి జనం హోర్డ్, వాళ్ల నాయకుడు కురాంగ్, అతని కూతురు షెలీస్, పూజారి సిఫస్. ఎక్కువమంది తడబడేది జోహాన్ దగ్గరే. 'బ్లాక్'లో చిన్నపిల్లవాడు, 'రెడ్'లో హోర్డ్ సేనాని మార్టిన్, ఇద్దరూ ఒకడే. ఆ పేరు పక్కన ఈ ముక్క తప్పకుండా రాసుకోండి.

కాగితం అడుగున కలల నియమాలు. ఇక్కడ నిద్రపోతే అక్కడ మెలకువ, అక్కడ నిద్రపోతే ఇక్కడ మెలకువ. ఒక చోట ఒంటికి తగిలిన గాయం రెండో చోటా కనిపిస్తుంది. అక్కడి రంబుటాన్ పండు తింటే కలలు రావు (బజార్లో దొరికే పండుకూ దీనికీ పేరు పోలికే). ఈ మూడో నియమం మరిచిపోయినవాళ్లే, 'రెడ్' మొదట్లో అక్కడ పదిహేనేళ్లు గడిచిపోతే ఇక్కడ వైరస్ గడువు ఎందుకు కదల్లేదని అడుగుతుంటారు. అన్నేళ్లూ థామస్ ఆ పండు తింటూ ఉన్నాడు. కల లేదు కాబట్టి ఇక్కడి గడియారం కూడా నడవలేదు.

ప్రశ్న: పుస్తకాలకు రంగుల పేర్లు ఎందుకు? అట్టల అందం కోసమా?

జవాబు: నలుపు, ఎరుపు, తెలుపు. ఈ వరస సండేస్కూల్లో కూర్చున్న ఎవరికైనా తెలిసిందే. మాటల్లేని పుస్తకం అని ఒకటి చూపిస్తారు; అందులో అక్షరం ఉండదు, రంగు పేజీలే. 1866 జనవరి 11న లండన్‌లో బోధకుడు స్పర్జన్ 51వ కీర్తనలోని 'హిమముకంటె తెల్లగా' అన్న మాట మీద ప్రసంగిస్తూ, మూడే పేజీలున్న అలాంటి పుస్తకం గురించి చెప్పాడు. నలుపు పాపం, ఎరుపు క్రీస్తు రక్తం, తెలుపు కడగబడిన హృదయం. 1875లో అమెరికన్ సువార్తికుడు మూడీ దానికి బంగారు రంగు పేజీ చేర్చాడు. పచ్చ ఇంకా తర్వాత వచ్చింది.

డెక్కర్ మిషనరీల బిడ్డ, ఇండోనేషియాలో పెరిగాడు. ఆ పుస్తకాన్ని చూసే ఈ పేర్లు పెట్టాడని మేం అనడం లేదు. వరస మాత్రం అచ్చంగా అదే. పైగా ఇక్కడ రంగులు కథలోకే దిగాయి. 'బ్లాక్'లో అడవి నల్లబడుతుంది, 'రెడ్'లో నీళ్లు ఎర్రబడతాయి. 'వైట్' దగ్గరికొచ్చేసరికి ప్రకటన గ్రంథం 19వ అధ్యాయం పక్కన పెట్టుకోండి. గొఱ్ఱెపిల్ల (క్రీస్తు) భార్య ధరించే నిర్మలమైన సన్నపు నారబట్టల ప్రస్తావన అక్కడుంది. ఆఖరి పుస్తకం యుద్ధం కంటే పెళ్లిని ఎక్కువ తలుచుకోవడానికి కారణం అదే.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఇవ్వొచ్చా?

జవాబు: బూతులు లేవు, శృంగార దృశ్యాలు లేవు. హింస మాత్రం ఉంది, తక్కువేం కాదు. 'బ్లాక్'లో షటైకీ దాడి, 'రెడ్'లో జస్టిన్ని హింసించి నీళ్లలో ముంచి చంపే అధ్యాయం ముందు మీరు చదివి చూడండి. సిలువ కథ తెలిసిన పిల్లవాడికి కూడా ఆ రెండోది బరువుగానే ఉంటుంది. మా లెక్కలో పద్నాలుగు దాటాక మేలు.

ప్రశ్న: మా చర్చి యువజనుల్లో వాదన నడుస్తోంది. జస్టిన్ అంటే యేసు, ఎల్యోన్ అంటే దేవుడు, బాగానే ఉంది. మరి థామస్ ఎవరు? షెలీస్ ఎవరు? ఒక్కొక్కరూ బైబిల్లో ఎవరో పట్టిక వేద్దామంటే ఎక్కడో ఒకచోట తెగిపోతోంది.

జవాబు: తెగిపోవాలి కూడా. పట్టిక నిండిపోతే అది నవల కాదు, సండేస్కూలు పాఠం. సి. ఎస్. లూయిస్ 1958లో ఒక ఉత్తరంలో ఈ తేడా చెప్పాడు. తన నార్నియా కథల్లోని సింహం దేవుడికి గుర్తు కాదని, 'అలాంటి లోకం ఒకటి నిజంగా ఉండి, క్రీస్తు అక్కడికి వెళ్తే ఎలా ఉంటాడు' అన్న ఊహ అని. డెక్కర్ లోకాన్నీ ఆ కళ్లతోనే చూడాలి. అక్కడికి మళ్లీ ఒక పతనం వచ్చింది, మళ్లీ ఒక బలి వచ్చింది. తానిస్ ఆదాములా ఉంటాడు కానీ ఆదాము కాడు. థామస్‌కి బైబిల్లో జత వెతకడం దండగ.

అలాగని పోలికలు లేవా అంటే, మనుషుల పేర్లలో కంటే పనుల్లో గట్టిగా ఉన్నాయి. మీ వాదన అటు మళ్లించండి. ఎల్యోన్ అన్నది హెబ్రీ మాట. ఆదికాండం 14లో మెల్కీసెదకు 'సర్వోన్నతుడగు దేవుని' యాజకుడని చదువుతాం కదా, ఆ సర్వోన్నతుడే. ఇక నీళ్ల సంగతి. 'రెడ్' మొదట్లో అడవి జనం రోజూ ఎల్యోన్ చెరువులో స్నానం చెయ్యాలి. మానితే చర్మం పొట్టు రేగి, వాసనొచ్చి, బుద్ధి కూడా మొద్దుబారుతుంది. హోర్డ్ స్నానం మానేసి, మంట తగ్గడానికి మోర్స్ట్ అనే పూత పూసుకుంటారు. జస్టిన్ చనిపోయాక రోజువారీ స్నానం పనిచెయ్యదు. ఎర్రటి నీటిలో ఒక్కసారి మునిగి, నిజంగా ఊపిరి వదిలి, తిరిగి లేవాలి. ఇప్పుడు హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తెరవండి. యాజకుడు ప్రతిదినం నిలబడి అవే బలులు అర్పిస్తూ ఉండటం, క్రీస్తు ఒక్క బలితో ముగించి కూర్చోవడం. పక్కనే రోమా 6: బాప్తిస్మంలో మరణంలోకి పాతిపెట్టబడటం. ఈ రెండు అధ్యాయాల మధ్య నిలబెడితే చెరువు తేటపడుతుంది. షెలీస్ దగ్గరికొచ్చినప్పుడు రోమా 5 చూడండి, మనం ఇంకా శత్రువులమై ఉండగానే అన్న చోటు.

మీవాళ్లలో ఎవరైనా వైరస్‌కీ ప్రకటన గ్రంథంలో దేవుని కోపంతో నిండిన ఏడు గిన్నెలకీ లెక్కలు కలుపుతుంటే మాత్రం ఆపండి. ఈ కథ ఆ అంకెల మీద నడవదు.

ప్రశ్న: నిజం చెప్పండి. 'రెడ్' ఊపిరాడనివ్వలేదు. 'వైట్' సగం ప్రేమకథ. లోకం చచ్చిపోతుంటే హీరో శత్రువు కూతురి వెంట పడతాడా? నాకు మోసపోయినట్టుంది.

జవాబు: ఈ ఫిర్యాదు చాలా ఉత్తరాల్లో ఉంది, దానికి కారణమూ ఉంది. మొదటి రెండు పుస్తకాలూ ఒకే ఉపాయం మీద పరుగెడతాయి. గండం తలకెక్కగానే థామస్ నిద్రపోతాడు, లేదా స్పృహ తప్పుతాడు. అధ్యాయం తెగుతుంది, రెండో లోకంలో రెండో గండం. రెండు గడియారాలు పోటీపడుతుంటాయి. 'వైట్'లో అక్కడి గడియారం తీరు మారిపోతుంది. ప్రశ్న 'ఎన్ని రోజులు మిగిలాయి' నుంచి 'ఈ అమ్మాయి ఆ నీటిలోకి దిగుతుందా' దగ్గరికి వస్తుంది. వైరస్ కథ కోసం చెవులు రిక్కించినవాళ్లకు ఈ మార్పు ఆగిపోయినట్టు అనిపిస్తుంది.

నిజానికి ఆగినది ఇక్కడి కథే, అదీ వేరే కారణానికి. అణ్వాయుధాలు అప్పగించమని దేశాలను బెదిరించడం, అధ్యక్షుడి మంతనాలు, ఓడల రవాణా, ఈ అధ్యాయాలు పలచన. స్వెన్సన్ విలన్‌గా అట్టముక్కే. వాటిని వేగంగా చదివేస్తే పోయేదేం లేదు. షెలీస్ అధ్యాయాలను మాత్రం అలా దాటెయ్యకండి. ఆమె చర్మం, ఆమె పూత, తనను చూసి థామస్ ముఖం చిట్లిస్తాడేమోనన్న ఆమె భయం, ఇవన్నీ ముగింపుకు పెట్టుబడి. ఆఖరి యాభై పేజీల్లో రెండు కథలూ కలిసేచోట ఏడుపు రానివాళ్లు ఎక్కువగా ఈ అధ్యాయాలు గబగబా తిప్పేసినవాళ్లే.

ఇంకో సంగతి. ప్రకటన గ్రంథం 5వ అధ్యాయంలో యోహానుకు యూదా గోత్రపు సింహం జయించిందని చెబుతారు. తలెత్తి చూస్తే కనిపించేది వధించబడినట్టున్న గొఱ్ఱెపిల్ల. క్రైస్తవ ఫాంటసీలో ఆఖరి భాగాలు చాలామటుకు ఈ రెండు వచనాల మధ్యనే నడుస్తాయి. పాఠకుడు సింహం కోసం పేజీలు తిప్పుతాడు, రచయిత గొఱ్ఱెపిల్లను తెస్తాడు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రచయిత టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో చేసిన ప్రసంగంలో, అంతా పోయిందనుకున్న క్షణంలో కథ హఠాత్తుగా మేలువైపు తిరగడం గురించి మాట్లాడాడు. ఆ మలుపు పండాలంటే అంతా పోయిందన్న నమ్మకం ముందు పాఠకుడికి కలగాలి. 'వైట్'లో నెమ్మదిగా సాగే మధ్యభాగం ఆ పని చేస్తుంది. పూర్తిగా చేసిందా అంటే, ఓ ముప్ఫై పేజీలు తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

ప్రశ్న: 'గ్రీన్' ముందు చదవాలా, చివర్న చదవాలా? దానిమీద సున్నా అని ఉంది.

జవాబు: చివర్న. ఈ వరసలో నాలుగోదిగా 2009లో వచ్చింది, వలయం మూసుకునేలా రాసింది. దాని కొస తిరిగి 'బ్లాక్' మొదటికి చేరుతుంది. సున్నా అన్నది అందుకు. ముందు చదవడానికీ కుదురుతుందంటారు కానీ, థామస్‌కి ఏమేం జరిగిందో తెలియకుండా అతని పిల్లల కథ చదివితే సగం బరువు పోతుంది. 'వైట్' ముగింపు మీ మనసుకు నిండుగా ఉంటే కొన్నాళ్లు ఆగండి. 'గ్రీన్' దాన్ని కదిలిస్తుంది, ఆ కదలిక అందరికీ నచ్చలేదు.

ప్రశ్న: ఆరుగురం కలిసి 'వైట్' చదవాలనుకుంటున్నాం. ఒకరు ముందే ముగించేసి నోరు జారితే?

జవాబు: జారుతుంది, ముందే ఏర్పాటు చేసుకోండి. నాలుగు వారాలు, వారానికి పావు పుస్తకం. ఎక్కడ ఆగాలో పేజీ సంఖ్య కాక అధ్యాయం సంఖ్య చెప్పుకోండి. నాలుగూ ఒకే సంపుటిగా వచ్చిన ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే పేజీలు కలవవు. నాలుగో వారం మాత్రం కలిసి కూర్చుని చదివేది. ఆఖరి నాలుగైదు అధ్యాయాలు ఎవరూ ఇంట్లో చదవకూడదు, వంతులవారీగా పైకి చదవాలి. అధ్యాయానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. ముందే ముగించేసినవాళ్లకు మొదటి మూడు వారాలూ ఒకే పని అప్పజెప్పండి: ప్రశ్నలు అడగడం. జవాబిచ్చే హక్కు వాళ్లకు లేదు. 'ఇంకా ముందుంది చూడు' అని నవ్వడం కూడా ముగింపు చెప్పడమే అని మొదటిరోజే గట్టిగా చెప్పండి. థామస్ రక్తం గురించి అసలు నోరెత్తొద్దు.