4294967297 ప్రధాన సంఖ్యా? దాని ప్రత్యేకత ఏమిటి?

కాదు. ఇది 641 × 6700417కు సమానమైన సంయుక్త సంఖ్య. ఈ రెండు కారణాంకాలూ ప్రధాన సంఖ్యలే కనుక దీనికి మొత్తం నాలుగు భాజకాలే ఉంటాయి.

ఈ సంఖ్య 2³² + 1. 2ను 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపయ్యే ఘాతాలకు హెచ్చించి 1 కలిపితే వచ్చే వరుసలో ఇది ఆరోది. దీనికి ముందు వచ్చే 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు కావడంతో, తర్వాతివన్నీ అలాగే ఉంటాయని 17వ శతాబ్దంలో గణిత శాస్త్రజ్ఞుడు ఫెర్మా భావించాడు. 1732లో మరో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ ఆ ఊహ తప్పని తేల్చాడు. దీనికి ప్రధాన కారణాంకం ఏదున్నా దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలన్న నియమాన్ని ఉపయోగిస్తే, వరుసగా పరీక్షించాల్సినవి 193, 257, 449, 577, 641 మాత్రమే. అయిదోదానితోనే పని పూర్తవుతుంది.

భాగహారం చేయకుండానే దీన్ని నిరూపించవచ్చు, నా దృష్టిలో ఇదే అత్యంత అందమైన భాగం. 641 = 5×2⁷ + 1 కాబట్టి, 641తో భాగించినప్పుడు 5×2⁷, −1 ఒకే శేషాన్నిస్తాయి; రెండింటినీ నాలుగో ఘాతానికి హెచ్చిస్తే 5⁴×2²⁸కు శేషం 1 అవుతుంది. మరోవైపు 641 = 5⁴ + 2⁴ కూడా కాబట్టి 5⁴ స్థానంలో −2⁴ ఉంచవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 వస్తుంది, అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రెండు విధాలుగా రాయవచ్చు: 65536² + 1², 62264² + 20449². ప్రధాన సంఖ్యకైతే అలాంటి రూపం ఒకటికి మించి ఉండదు, కనుక ఇదొక్కటే అది సంయుక్తమని చెప్పడానికి చాలు.