ముందు చోటు చూడండి, తరువాతే గుర్రాన్ని చూడండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో గుర్రాల గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఆవులనూ గేదెలనూ మేపిన కుటుంబాలవారు ఆ అనుభవమే గుర్రానికీ సరిపోతుందన్న నమ్మకంతో రాసిన ఉత్తరాలు వాటిలో చాలా కనిపించాయి. ఆ నమ్మకం గుర్రానికి ప్రాణాంతకం కాగలదు కనుక, దానికి సంబంధించిన ఐదు ప్రశ్నలను ఎంచుకుని వివరంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాకు నంద్యాల దగ్గర రెండెకరాల మామిడితోట ఉంది. పన్నెండేళ్ళ మా అమ్మాయి గుర్రపుస్వారీ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. పందేలు మానేసిన గుర్రం తక్కువ ధరకు ఇప్పిస్తానని హైదరాబాదులో ఒక దళారి చెబుతున్నాడు. మా నాన్నగారేమో సుడులు చూడకుండా గుర్రాన్ని గడప తొక్కనివ్వవద్దంటున్నారు. మేము ఏం చూసి కొనాలి?

జవాబు: మీ నాన్నగారి మాటలోని జాగ్రత్తను నేను గౌరవిస్తాను. కొనబోయే జంతువును తల నుంచి గిట్టల వరకు నిదానంగా చూడాలన్న పద్ధతి మంచిదే. అయితే సుడి అంటే వెంట్రుకలు పెరిగే దిశ మారిన చోటు మాత్రమే. ఇంటివారి మేలుకీడులకు దానితో సంబంధం లేదు. సుడుల కోసం వెచ్చించే ఆ అరగంటలో నాలుగు కాళ్ళనూ మోకాలి నుంచి కిందికి అరచేత్తో నిమిరి చూడండి. కాలి వెనుకవైపున తాడులా తగిలే స్నాయువు (కండరాన్ని ఎముకకు కట్టే బంధం) ఒక కాలికి సన్నగా గట్టిగా ఉండి, మరో కాలికి ఉబ్బి వెచ్చగా తగిలితే, ఆ గుర్రం ఎప్పుడో దెబ్బతిన్నదని అర్థం. పందెపు గుర్రాలలో ఈ దెబ్బ చాలా సాధారణం.

ఆ గుర్రాలను నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు. హైదరాబాదు మలక్‌పేట పందేల మైదానంలో పరుగెత్తే థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలు రెండేళ్ళ వయసులోనే పందేలకు దిగి, చాలావరకు ఏడెనిమిదేళ్ళ లోపే విరమిస్తాయి. వాటికి నేర్పిన విద్య వేగం ఒక్కటే. పగ్గం కొంచెం బిగించి, కాళ్ళు కొంచెం నొక్కితే పరుగు పెంచాలన్నదే వాటికి తెలిసిన భాష. ఆ అలవాటు మాన్పించి నెమ్మదిగా నడవడం నేర్పడానికి, అనుభవం గల శిక్షకుడి చేతిలో కూడా నెలలు పడుతుంది. కనుక మీ అమ్మాయికి మొదటి గుర్రంగా దాన్ని తీసుకోవద్దనే నా సలహా. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ మధ్య వయసుండి, ఇప్పటికే పిల్లలను మోసిన అలవాటున్న, విత్తు కొట్టించిన మగగుర్రం గానీ నెమ్మదైన ఆడగుర్రం గానీ మేలు. మార్వారీ, కాఠియావాడీ జాతులు మన ఎండలకు తట్టుకుంటాయి. కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే చెవులను బట్టి వాటిని గుర్తుపట్టవచ్చు. కానీ జాతికన్నా స్వభావం ముఖ్యం.

వయసు విషయంలో అమ్మేవారి మాటకన్నా పళ్ళను నమ్మండి. ముందుపళ్ళలో నడిమి జత సుమారు రెండున్నరేళ్ళకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. ఐదేళ్ళకు నోరు నిండుతుంది. ఆపైన అరుగుదలను బట్టి అంచనా కట్టవలసిందే. ఆ పని పశువైద్యుడికి వదలండి. ఆయన చేత గ్లాండర్స్ వ్యాధికి రక్తపరీక్ష కూడా చేయించండి. ఇది మనుషులకూ సోకే జబ్బు, దీనికి టీకా లేదు, నిర్ధారణ అయిన గుర్రాన్ని చట్టప్రకారం చంపవలసి వస్తుంది. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ నిర్ధారణ చేస్తారు. ఫలితం చేతికి రాకుండా గుర్రాన్ని మీ తోటలోకి తీసుకురావద్దు.

ఇవన్నీ చూసే ముందు, అసలు ఆ తోట గుర్రం ఉండదగిన చోటేనా అన్నది తేల్చుకోవాలి. దానికి తరువాతి జవాబు చదవండి.

ప్రశ్న: శంకరపల్లి దగ్గర మాకు చిన్న ఫాంహౌస్ ఉంది, శని, ఆదివారాల్లో వెళ్తుంటాం. అక్కడే శాల కట్టించి గుర్రాన్ని ఉంచుకోవాలా, లేక నెలనెలా డబ్బు కట్టి స్వారీ నేర్పే చోట ఉంచాలా? పరువు కోసం అడగడం లేదు, నిజంగా గుర్రానికి ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: చివరి వాక్యం రాసినందుకు మీకు ధన్యవాదాలమ్మా. వారంలో ఐదు రోజులు మీరు అక్కడ ఉండరు. కాపలాదారుకు గుర్రం గురించి తెలియదు. ఈ స్థితిలో ఒంటరి గుర్రాన్ని అక్కడ ఉంచవద్దు. గుర్రం మందలో బతికే జంతువు. తోటి గుర్రం కనిపించక, నడవడానికి వీలు లేక నాలుగు గోడల మధ్య రోజంతా నిలబడినది తలుపు చెక్కను కొరకడం, తలను గంటల తరబడి అటూ ఇటూ ఊపడం మొదలుపెడుతుంది. చూసేవారు అది ఆడుకుంటోందనుకుంటారు, కానీ అది బాధ. మేక తోడున్నా కొంత నయమే గాని, మరో గుర్రమో గాడిదో ఉంటే ఇంకా మంచిది.

కనుక మొదటి ఏడాది గుర్రాన్ని శిక్షణశాలలోనే ఉంచి, మీరు వెళ్ళినప్పుడల్లా సైసు (గుర్రాలను చూసుకునే పనివాడు) పక్కన నిలబడి మాలీసు చేయడం, గిట్టలు శుభ్రం చేయడం, దాణా కొలవడం నేర్చుకోండి. ఆ చోటును ఎంచుకునేటప్పుడు మెరిసే జీనులూ పచ్చటి గడ్డిమైదానమూ చూసి మోసపోవద్దు. తెల్లవారుజామున చెప్పకుండా వెళ్ళండి. శాలలోకి అడుగుపెట్టగానే కళ్ళు మండేలా అమ్మోనియా వాసన వస్తే, గుర్రాలు రాత్రంతా ఆ గాలినే పీలుస్తున్నాయని అర్థం. తొట్లలో నీరు తాకి చూడండి, నాచు పట్టి ఉందేమో గమనించండి. ఒక్కో సైసు ఎన్ని గుర్రాలను చూస్తున్నాడో, ఒక్కో గుర్రం రోజుకు ఎన్ని గంటలు కట్టు లేకుండా బయట తిరుగుతుందో, రాత్రివేళ జబ్బు చేస్తే వచ్చే వైద్యుడు ఎవరో అడగండి. రెండో ప్రశ్నకు తడుముకునే చోటును వదిలేయండి.

తరువాత మీ స్థలంలోనే కట్టదలిస్తే, ఒక్కో గుర్రానికి పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు గల గది కావాలి. పైకప్పు పది, పన్నెండు అడుగుల ఎత్తున ఉండాలి, తలుపు నాలుగడుగుల వెడల్పు ఉండాలి. గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు పోవాలి. రేకులు వేస్తే వాటి మీద తాటాకు కప్పించండి, లేకపోతే మన మే నెలలో ఆ గది పొయ్యిలా కాగుతుంది. నేల విషయంలో మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. ఒక తోటలో ఎంతో ముచ్చటగా, నున్నటి కడప బండలు పరిచి కట్టించిన శాలను చూశాను. రాత్రి పడుకున్న ఆడగుర్రం తెల్లవారి లేవబోతే ముందుకాళ్ళు రెండూ చెరొకవైపుకు జారాయి. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ జారింది. నలుగురం కలిసి దాని కాళ్ళ కింద గోనెసంచులు తోసిన తరువాతే అది నిలబడగలిగింది. కండరం చిరిగి మూడు నెలలు కుంటింది. గట్టిగా దిమ్మిస కొట్టిన మొరం నేల, దానిమీద రబ్బరు చాప, ఆపైన మందంగా రంపపు పొట్టు వేస్తే ఇంతకన్నా ఖర్చు తక్కువ, క్షేమం ఎక్కువ. రోజుకు పదిహేను, ఇరవై కిలోల లద్దె వస్తుంది. దాన్ని ఏ పూటకాపూట తీసి, శాలకు దూరంగా గుంటలో వేయకపోతే ఈగలు కమ్ముకుంటాయి.

చుట్టూ ముళ్ళకంచె ఉంటే ముందు దాన్ని తీయించండి. బెదిరిన గుర్రం తీగను చూడదు, దూసుకుపోతుంది, కాలు చీరుకుంటుంది. కర్ర గానీ ఇనుప గొట్టాలు గానీ వాడండి. అంతకన్నా ముఖ్యం, ఫాంహౌస్‌ల ముందు అందం కోసం నాటే గన్నేరు. దాని ఆకులు గుప్పెడు తిన్నా గుర్రం గుండె ఆగిపోతుంది, ఎండిన ఆకులైనా అంతే. గట్ల మీది ఆముదపు చెట్ల గింజలూ విషమే. నంద్యాల పాఠకుడు కూడా తన మామిడితోటను ఈ కళ్ళతో ఒకసారి చుట్టి రావాలని కోరుతున్నాను.

ప్రశ్న: మా పాడి గేదెల కోసం సూపర్ నేపియర్ పెంచుతున్నాం. కొత్తగా కొన్న గుర్రానికీ అదే గడ్డి, తవుడు, గేదెల దాణా పెడుతున్నాం. బాగానే తింటోంది. ఇంకేమైనా చేర్చాలా?

జవాబు: చేర్చవలసింది తరువాత చెబుతాను, ముందు తీసివేయవలసినవి ఉన్నాయి. గేదెల దాణా ఈరోజే ఆపండి. పశువుల దాణాల్లో కొన్నిటిలో, కోళ్ళ దాణాలో తరచుగా, మోనెన్సిన్ వంటి మందులు కలుపుతారు. గేదెకు హాని చేయని మోతాదే గుర్రం గుండె కండరాన్ని చంపేస్తుంది. యూరియా కలిపిన దాణా కూడా గుర్రానికి పనికిరాదు.

నేపియర్‌లో ఆక్సలేట్ ఎక్కువగా ఉంటుంది. గేదె పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టగలవు, గుర్రానికి ఆ ఏర్పాటు లేదు. ఆక్సలేట్ మేతలోని కాల్షియాన్ని పట్టేసుకుంటే, శరీరం ఎముకల్లోని కాల్షియాన్ని తోడుకుంటుంది. తవుడులో భాస్వరం ఎక్కువ కనుక అది ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది. కొన్ని నెలల తరువాత కాళ్ళు మార్చి మార్చి కుంటడం, ఆపైన కళ్ళకు దిగువన ముఖపు ఎముకలు ఉబ్బి తల పెద్దదిగా కనిపించడం జరుగుతుంది. ఇష్టంగా తింటోంది కనుక ఒంటికి పడుతోందని అనుకోవద్దు.

ఎండు గరికను మించిన మేత మన నేలలో దొరకదు. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఎనిమిది, తొమ్మిది కిలోల ఎండుమేత కావాలి. దాన్ని రెండు పూటలకు కుదించకుండా నాలుగైదు సార్లుగా పంచండి. గుర్రం పొట్ట చిన్నది, అడవిలో రోజులో పదహారు గంటలు మేస్తూ తిరిగే జంతువు అది. గంటల తరబడి ఖాళీగా ఉంచితే పొట్టలో పుండ్లు పడతాయి. వరిగడ్డి ఒక్కటే పెడితే బలం చాలదు, పేగులో అడ్డుపడవచ్చు కూడా. మన పెద్దలు పెట్టిన ఉలవ గుగ్గిళ్ళు మంచివే, కానీ అవి మేతకు తోడు మాత్రమే. పని తక్కువగా ఉన్న గుర్రానికి గింజలు దాదాపు అక్కరలేదు. బూజు వాసన తగిలిన వేరుశనగ చెక్కను దగ్గరకు కూడా రానివ్వకండి. ఉప్పుగడ్డ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. నీరు రోజుకు ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. మేతను ఒక్కరోజులో మార్చవద్దు, పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చండి. దాణాకు మాత్రం ఆ గడువు వర్తించదు, దాన్ని వెంటనే ఆపాలి.

ప్రశ్న: గుర్రం నిలబడే నిద్రపోతుందంటారు. మాది రోజూ తెల్లవారుజామున కాసేపు పడుకుంటోంది. జబ్బా?

జవాబు: కాదు, మీ శాల మీద దానికి నమ్మకం కుదిరిందని సంతోషించండి. కాలి కీళ్ళను బిగించుకుని నిలబడి కునుకు తీయగలదు గాని, గాఢనిద్ర పోవాలంటే గుర్రం పడుకోవలసిందే. ఇరుకు గదిలో, జారే నేల మీద రోజుల తరబడి పడుకోని గుర్రాల గురించే నేను ఆందోళన పడతాను. తేలికగా లేచి మేతకు వస్తోందంటే చింత లేదు.

ప్రశ్న: పోయిన నెల మా గుర్రం హఠాత్తుగా నేల మీద దొర్లింది. ఊళ్ళో అనుభవమున్న ఒకాయన వెదురు గొట్టంతో నాటుమందు పోశారు. కడుపునొప్పి తగ్గింది గాని, అప్పటి నుంచి దగ్గుతోంది. మళ్ళీ ఇలా అయితే ఏం చేయాలి?

జవాబు: ఆ దగ్గును నిర్లక్ష్యం చేయకండి. ఎద్దుకు పోసినట్లు తల పైకెత్తి పోసిన మందు గుర్రం ఊపిరితిత్తుల్లోకి దిగే అవకాశం ఎక్కువ. ఈరోజే పశువైద్యుడికి చూపించండి.

కడుపుశూల గుర్రాలకు ఎందుకు ఇంత ప్రమాదమంటే, గుర్రం వాంతి చేసుకోలేదు. పొట్టలోనో పేగులోనో చిక్కుకున్నది బయటికి వచ్చే దారి లేకపోతే, పొట్ట పగిలేదాకా పోవచ్చు. నేలను ముందుకాలితో గీరడం, మాటిమాటికీ డొక్కవైపు తిరిగి చూడడం, లద్దె వేయకపోవడం తొలి గుర్తులు. అవి కనిపించగానే మేత తీసేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. గుర్రానికని ముందే చెప్పండి. దొర్లుతుంటే పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిపించవచ్చు గాని, గంటల తరబడి తిప్పి అలసట పెట్టవద్దు. నోటి ద్వారా ఏదీ పోయవద్దు.

వైద్యుడు వచ్చేలోగా మీరు చేయగలిగిన మేలు ఒకటుంది. కింది దవడ ఎముక అంచుకు లోపలివైపు రెండు వేళ్ళు ఆనించి మెల్లగా కదిపితే, పెన్సిలంత మందాన జారే రక్తనాళం తగులుతుంది. పదిహేను సెకన్లు కొట్టుకోవడం లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆరోగ్యంగా, విశ్రాంతిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 వరకు ఉంటుంది. 60 దాటితే పరిస్థితి తీవ్రమని ఫోనులోనే చెప్పండి. పంటి చిగురును వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీరంగు తిరిగి రావాలి. ఊపిరి నిమిషానికి 8 నుంచి 16 సార్లు, శరీర ఉష్ణోగ్రత 99.5 నుంచి 101.5 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండాలి. గుర్రం బాగున్న రోజుల్లోనే వారానికొకసారి ఈ లెక్కలు తీసి, తేదీ వేసి కాగితం మీద రాసి, శాల తలుపు లోపలివైపు అంటించి ఉంచండి. అర్ధరాత్రి వచ్చిన వైద్యుడు మొదట అడిగేది ఆ కాగితమే.