కళింగపట్నం సరుగుడు చెట్టు మీద గూడు: సీగల్‌దేనా?

మాస్టారూ, బీచ్ పక్క సరుగుడు తోటలో, చెట్టు పైకొమ్మల్లో తెల్ల తల పక్షి పుల్లలతో గూడు కడుతోందని, అది సీగలేనా, అసలు సీగల్స్ చెట్టెక్కుతాయా అని అడిగారు కదా. మీరు చూసింది సీగల్ కాదండి. తల, రొమ్ము తెలుపు, మిగతా ఒళ్లంతా ఇటుక రంగు అన్నారు. అది గరుడ పక్షి. శీతాకాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా మన తీరంలో కొబ్బరి, సరుగుడు చెట్ల మీద గూడు పెడుతుంది. ముక్కు కొక్కెంలా వంగి ఉందేమో చూడండి, అనుమానం తీరిపోతుంది.

సీగల్‌కి వీపు బూడిద రంగు, కాలివేళ్ల మధ్య బాతుకున్నట్టు పొర. అలాంటి పాదంతో సన్నకొమ్మను పట్టుకోవడం కష్టం. అందుకే ఇసుక మీదో, పడవ అంచునో వాలుతుంది. పైగా మన దగ్గరికి వచ్చేవి చలికాలం చుట్టాలే. గోధుమ తల సీగల్ గుడ్లు పెట్టేది లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర, అదీ నేల మీదే.

అయితే చెట్టెక్కే సీగల్ అసలు లేదనకండి. కెనడా, అలాస్కా అడవుల్లో బోనపార్ట్ సీగల్ అని ఒకటుంది (నెపోలియన్ తమ్ముడి కొడుకు పేరు పెట్టారు). అది సూదాకుల చెట్ల కొమ్మల మీదే పుల్లలతో గూడు కడుతుంది.

చెట్ల నిండా గూళ్లు చూడాలనుంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లండి. అక్కడివి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. మీ గూడు దగ్గరికి మాత్రం పిల్లల్ని వెళ్లనివ్వకండి, పక్షి బెదిరి గుడ్లు వదిలేయొచ్చు.