టెక్ సందేహాలు: డబ్బు యాప్‌లో ఉందా, ఇంకెక్కడైనా ఉందా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డబ్బుల గురించే. ఫోన్ స్లో అయింది, బ్యాటరీ నిలవడం లేదు అనే వాళ్లు కాస్త ఆగండి, వచ్చే వారం మీకే. ముందుగా ఒక అర్జంటు ప్రశ్న చూద్దాం.

మా నాన్నగారు రిటైర్డ్ టీచరు. ఎవరో ఆయన్ని వాట్సాప్‌లో ఒక షేర్ల గ్రూపులో చేర్చారు. వాళ్లు పంపిన లింకుతో ట్రేడింగ్ యాప్ పెట్టుకుని రూ.1,80,000 వేశారు. యాప్‌లో ఇప్పుడు రూ.5,60,000 కనిపిస్తోంది. తీసుకుందామంటే ముందుగా రూ.62,000 పన్ను కట్టాలంటున్నారు. కట్టమంటారా? – వరంగల్

కట్టొద్దు. మిగతాది తర్వాత చదవండి, ముందు 1930కి ఫోన్ చేయండి. అది కేంద్ర హోంశాఖ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ సైటులోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. ఏ రోజు, ఏ ఖాతాకు, ఎంత పంపారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. లావాదేవీ నంబర్లతో సహా రాసుకుని కూర్చుంటే పని త్వరగా అవుతుంది. డబ్బు చివరగా వెళ్లిన ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే ఆపించే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది చేతులు మారిపోతుంది.

యాప్‌లో కనిపిస్తున్న రూ.5,60,000 డబ్బు కాదు, తెర మీద వేసిన అంకె. షేర్ల లాభం మీద పన్ను మనం రిటర్నుల్లో లెక్క చూపించి ప్రభుత్వానికి కడతాం. మన డబ్బు మనం తీసుకోవడానికి ముందుగా ఎవరి ఖాతాకో పన్ను పంపమనే పద్ధతి మన దేశంలో లేదు. ఇంకో ఆనవాలు కూడా చెబుతాను. మీరు పంపిన స్క్రీన్‌షాట్లలో ఒక్క నష్టం రోజు కూడా లేదు. అసలైన మార్కెట్లోనే, ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (ధరలు ముందుముందు ఎటు పోతాయోనని చేసే ట్రేడింగ్‌లో) దిగిన చిన్న మదుపరుల్లో 93 శాతం మంది 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. రోజూ లాభమే చూపించే యాప్‌ను అందుకే అనుమానించాలి.

ఇకపై ఏ బ్రోకరుకైనా డబ్బు పంపేముందు ఆ యూపీఐ ఐడీ చూడండి. సెబీ దగ్గర నమోదైన సంస్థల కోసం 2025 అక్టోబరు నుంచి ప్రత్యేక ఐడీలు వచ్చాయి. వాటిలో @ గుర్తు తర్వాత 'వ్యాలిడ్' అనే మాట, దాని వెనక బ్యాంకు పేరు ఉంటాయి. మనిషి పేరు మీదున్న ఖాతాకో, ఎక్కడో ట్రేడర్స్ పేరుతో ఉన్న ఖాతాకో పంపమంటే అక్కడితో ఆగిపోండి. అన్నట్టు, నాన్నగారిని కోప్పడకండి. మోసపోయామని చెప్పుకోలేకే చాలామంది రెండోసారి కూడా డబ్బు కడుతుంటారు.

నాలుగేళ్లుగా ఒక యాప్ ద్వారా నెలకు రూ.5,000 మ్యూచువల్ ఫండ్ సిప్ (నెలవారీ వాయిదా) కడుతున్నాను. ఆ కంపెనీ మూసేస్తారని విన్నాను. నా డబ్బు సంగతేంటి? – కర్నూలు

టెన్షన్ వద్దు. యాప్ మీ డబ్బుకి బీరువా కాదు, కిటికీ. కిటికీ మూసుకుపోయినా సామాను ఇంట్లోనే ఉంటుంది. మ్యూచువల్ ఫండ్ పంపిణీదారులు మదుపరుల డబ్బును తమ ఖాతాలో పోగుచేసుకునే పద్ధతిని సెబీ 2022లోనే ఆపించింది. మీ బ్యాంకు నుంచి కట్ అయిన సొమ్ము ఫండ్‌కే చేరుతుంది, యూనిట్లు మీ పాన్ మీదే నమోదవుతాయి.

ఆ నమోదు పుస్తకాలు రాసేది రిజిస్ట్రార్లు. మన దేశంలో దాదాపు అన్ని ఫండ్లకీ కలిపి రెండే సంస్థలు ఈ పని చేస్తున్నాయి: చెన్నైలోని క్యామ్స్, మన హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్. వీటిలో ఏ సైటుకైనా వెళ్లి కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్ అడగండి. ఫండ్‌లో ఇచ్చిన ఈమెయిల్, పాన్ ఇచ్చి, మీకు నచ్చిన పాస్‌వర్డ్ పెడితే కాసేపట్లో పీడీఎఫ్ మెయిల్‌కి వస్తుంది. మీ ఫోలియోలన్నీ, అంటే ఫండ్ ఖాతాలన్నీ, అందులో ఉంటాయి. రెండు సంస్థలూ కలిసి నడిపే ఎంఎఫ్ సెంట్రల్‌లో లాగిన్ అయితే అక్కడి నుంచే అమ్ముకోవచ్చు కూడా. యాప్ ఉన్నా లేకున్నా సరే. కొన్ని యాప్‌లు యూనిట్లను డీమ్యాట్‌లో, అంటే షేర్లు దాచే ఎలక్ట్రానిక్ ఖాతాలో, పెడతాయి. మీది అలాంటిదైతే ఆ ఖాతాల లెక్కలు చూసే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ పంపే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి.

ఆ పీడీఎఫ్ తెరిచాక స్కీము పేరు చివరిదాకా చదవండి. 'డైరెక్ట్' అని ఉందా, 'రెగ్యులర్' అని ఉందా? రెగ్యులర్ అయితే మధ్యవర్తికి ఏటా కమీషన్ వెళ్తోందన్నమాట. అది మీకు విడిగా కనిపించదు, ఫండ్ ఖర్చుల్లోనే కలిసిపోయి ఉంటుంది. తేడా ఏడాదికి ఒక్క శాతం అనుకుందాం. నెలకు రూ.5,000 చొప్పున 20 ఏళ్లు కడితే, 12 శాతం రాబడి మీద దాదాపు రూ.50 లక్షలు అవుతుంది. 11 శాతం మీద రూ.43.7 లక్షలు. (రాబడి ఇంతే వస్తుందని కాదు, పోల్చడానికే ఈ అంకెలు.) సలహా చెప్పి, మార్కెట్ పడినప్పుడు ధైర్యం చెప్పే మనిషి ఉంటే ఆ ఆరు లక్షలు దండగ అనను. మీకున్నది యాప్ మాత్రమే అయితే దేనికి కడుతున్నట్టు?

అలాగని ఉన్నదంతా ఒకేసారి డైరెక్ట్‌కి మార్చేయకండి. మార్చడమంటే అమ్మి కొనడమే. ఈక్విటీ ఫండ్లో ఏడాది దాటిన యూనిట్ల మీద లాభం, ఒక ఆర్థిక సంవత్సరంలో రూ.1.25 లక్షలు దాటితే ఆపైన 12.5 శాతం పన్ను పడుతుంది. పాత సిప్ ఆపేసి, కొత్తది డైరెక్ట్‌లో మొదలుపెట్టండి. పాతది నిదానంగా చూసుకోవచ్చు.

మా ఆఫీసులో 20 నెలల లక్ష చిట్టీ వేశాం. మొదటి 5 నెలలు రూ.4,000 చొప్పున, తర్వాత 5 నెలలు రూ.4,100, ఆపై 5 నెలలు రూ.4,300, ఇంకో 4 నెలలు రూ.4,600, చివరి నెల రూ.5,000 కట్టి నేను ఆఖర్న రూ.95,000 ఎత్తుకున్నాను. 'ఏడాదికి 7 శాతం కూడా పడలేదు, ఎఫ్‌డీ వేసుకోవాల్సింది' అంటున్నాడు మా మిత్రుడు. నిజమేనా? లెక్క కట్టే యాప్ ఏదైనా ఉందా? – రాజమండ్రి

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. యాప్ ఏదీ అక్కర్లేదు, ఫోన్లో గూగుల్ షీట్స్ ఉంటే చాలు.

మీ మిత్రుడు ఏం చేశాడో ఊహించగలను. కట్టింది రూ.85,400, లాభం రూ.9,600, అంటే 20 నెలలకు 11 శాతం చిల్లర, ఏడాదికి 6.7 శాతం. పొరపాటు ఎక్కడంటే, మీరు రూ.85,400 మొదటి రోజే ఇవ్వలేదు. మొదటి వాయిదా 19 నెలలు చిట్టీలో ఉంది. పందొమ్మిదో వాయిదా ఒక్క నెలే ఉంది. కట్టిన ప్రతి రూపాయికీ అది ఎన్నాళ్లు బయట ఉందో చూసి వడ్డీ కట్టాలి. షీట్స్‌లో ఐఆర్ఆర్ అనే ఫార్ములా ఆ పని చేస్తుంది.

కొత్త షీటు తెరిచి మొదటి వరుసలో పైనుంచి కిందికి 20 గళ్లు నింపండి. మీ జేబు నుంచి వెళ్లినవి మైనస్‌తో: -4000, -4000 అలా. ఇరవయ్యో గడిలో వచ్చిన 95,000 లోంచి ఆ నెల కట్టిన 5,000 తీసేసి 90000 అని ప్లస్‌లో వేయండి. కింద గడిలో సమానం గుర్తు పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఐఆర్ఆర్ అని కొట్టి, బ్రాకెట్లో ఆ 20 గళ్లనూ ఎంచుకోండి. జవాబు 1% అని మాత్రమే కనిపిస్తే కంగారు పడకండి, ఫార్మాట్‌లో దశాంశ స్థానాలు పెంచండి. మీ లెక్కకు 1.15 వస్తుంది. నెలకు నూటికి రూపాయి పదిహేను పైసలు. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి 13.7 శాతం. మీ మిత్రుడికి ఒక టీ ఇప్పించి ఈ షీటు చూపించండి.

ఇప్పుడు ఇదే షీటును తిరగేయండి. మూడో నెలలో పాట పాడి రూ.75,000 పట్టుకెళ్లిన సహోద్యోగి ఒకరు ఉంటారు కదా. ఆయన కూడా మీలాగే రూ.85,400 కట్టాడు. మూడో గడిలో 75,000 లోంచి 4,000 తీసేసి 71000 ప్లస్ వేసి, మిగతావన్నీ మైనస్‌లో పెడితే 1.74 వస్తుంది. అంటే ఆయన దాదాపు రూపాయి ముప్పావు వడ్డీకి అప్పు తీసుకున్నాడు, ఏడాదికి దగ్గర దగ్గర 21 శాతం. మీకు 1.15 అందింది, ఆయన నుంచి 1.74 వెళ్లింది. ఆ తేడా నెలనెలా నిర్వాహకుడు తీసుకునే రూ.5,000 కమీషన్‌ది. అవసరానికి ఆదుకున్న చిట్టీని ఆయన తిట్టుకోడు. కానీ బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చుకుంటే దీనికంటే బాగా తక్కువకే వచ్చేది.

షీటు చెప్పలేని సంగతి ఒకటుంది. ఆ 13.7 శాతంలో, మధ్యలో ఎవరైనా కట్టడం మానేస్తే ఎలా అనే భయం ధర కూడా కలిసి ఉంది. 1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం చిట్టీని ప్రభుత్వ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయాలి. ఆఫీసు వాట్సాప్ గ్రూపు చిట్టీకి ఆ రక్షణ ఉండదు.

షీటు దాచుకోండి. ఇంట్లో పాత మనీబ్యాక్ పాలసీ ఉంటే దాని అంకెలూ ఇందులో వేసి చూడండి. కూర్చుని చూడండి, నిలబడి చూడకండి.

ఖాతాలోంచి నెలనెలా రూ.199 పోతోంది. ఆ యాప్ తీసేసి ఆర్నెల్లయింది! – ఖమ్మం

యాప్ తీసేస్తే ఆటోపే ఆగదు. మీరిచ్చిన అనుమతి బ్యాంకు దగ్గర ఉంటుంది. మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి, 'ఆటోపే' లేదా 'మ్యాండేట్స్' అన్న చోట రద్దు చేయండి. అక్కడ కనిపించకపోతే డెబిట్ కార్డు మీద ఇచ్చి ఉంటారు, బ్యాంకు సైటులో చూడండి. ప్లే స్టోర్ సబ్‌స్క్రిప్షన్ల జాబితా మూడో చోటు. డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది నిబంధన, వస్తుంది కూడా. ఆఫర్ల మెసేజ్‌ల గుంపులో మనం చదవం. నేనూ ఒక ఫొటో ఎడిటింగ్ యాప్‌కి ఏడు నెలలు కట్టాను, ఈ కాలమ్ రాస్తూనే.

డిగ్రీ చదువుతున్నాను. నా బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే వచ్చిన డబ్బులో 2 శాతం ఇస్తామంటున్నారు. పార్ట్‌టైమ్ ఆదాయంలా ఉంటుందని... – తిరుపతి

ఇది ఆదాయం కాదు తమ్ముడూ, కేసు. మొదటి ప్రశ్నలోని మాస్టారు లాంటి వాళ్ల డబ్బు దిగేది ఇలాంటి ఖాతాల్లోకే. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీదుందో వాళ్ల ఇంటికి. ఖాతా స్తంభిస్తుంది, ఉద్యోగాల వేళ పోలీసు వెరిఫికేషన్‌లో ఇది బయటికొస్తుంది. ఏటీఎం కార్డో సిమ్మో ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే బ్లాక్ చేయించి బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పు.

సిబిల్ స్కోరు తరచూ చూసుకుంటే తగ్గుతుందా? – మచిలీపట్నం

తగ్గదు. మీరు చూసుకోవడం వేరు, లోను కోసం బ్యాంకు చూడటం వేరు. బ్యాంకులు వరసగా చూస్తేనే కొంచెం దెబ్బ. దేశంలో సిబిల్‌తో కలిపి నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి (మన అప్పుల చరిత్ర రాసే సంస్థలు), ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ప్రతిదీ ఉచితంగా ఇవ్వాల్సిందే. మూడు నెలలకొకటి చొప్పున అడిగితే ఏడాదంతా కాపలా కాసినట్టే. స్కోరు కన్నా లోన్ల జాబితా ముఖ్యం. మీరు తీసుకోని అప్పు అందులో ఉందేమో చూడండి.

పది రూపాయలకే డిజిటల్ బంగారం కొనొచ్చని యూపీఐ యాప్ చెబుతోంది. మంచిదేనా? – కరీంనగర్

ఒకే నిమిషంలో ఆ యాప్‌లో కొనే ధర, అమ్మే ధర పక్కపక్కన పెట్టి చూడండి. పైగా కొనేటప్పుడు 3 శాతం జీఎస్‌టీ. కొన్న క్షణానే కొంత పోయినట్టు. ఇది తమ నియంత్రణలో లేదని సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది కూడా. కాగితం బంగారమే కావాలంటే షేరులా కొనే గోల్డ్ ఈటీఎఫ్ ఉంది, డీమ్యాట్ లేకపోతే గోల్డ్ ఫండ్. పెళ్లికి నగ కావాలంటే మాత్రం ఇవేవీ వద్దు, దుకాణానికే వెళ్లండి.

ఇంట్లో డబ్బు వ్యవహారాలన్నీ మావారి ఫోన్లోనే. రేపు ఏదైనా అయితే నాకు ఆ ఫోన్ ప్యాటర్న్ కూడా తెలియదు. – గుంటూరు

ప్యాటర్న్ తెలిసినా పెద్దగా లాభం లేదమ్మా. మనిషి పోయాక ఆయన యూపీఐతో డబ్బు తీసుకోవడం సరైన దారి కాదు, చిక్కులు తెస్తుంది. కావాల్సింది నామినీ. ప్రతి ఖాతాలో, ప్రతి ఫోలియోలో మీ పేరు ఉందో లేదో ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాలైతే మరీను. వాటిలో చాలాచోట్ల ఇంకా వాళ్ల అమ్మగారి పేరే ఉంటుంది. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు నుంచి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, కాబట్టి అత్తగారి పేరు తీసేయాలన్న గొడవ కూడా లేదు.

తర్వాత ఒక కాగితం. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఫోలియో నంబర్లు, పాలసీ నంబర్లు, పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు), ఎవరికి చేబదులు ఇచ్చారు, ఎవరి దగ్గర తెచ్చారు. పాస్‌వర్డులు, పిన్నులు రాయొద్దు. ఓటీపీలు వచ్చే ఆ సిమ్ మాత్రం తర్వాత కూడా కొన్నాళ్లు రీచార్జి చేస్తూ ఉండాలని మీరు గుర్తుపెట్టుకోండి. కాగితం మీద తేదీ వేసి, ఏటా దసరాకి మార్పులు రాయండి. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో దాచుకోవద్దు. బీరువాలో పట్టుచీరల కింద పెట్టండి.