నాన్న పేరు మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది కాజీపేట. నాన్న రైల్వేలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పోయినేడు ఒక్కరే అమెరికా వెళ్లి తమ్ముడి దగ్గర మూడు నెలలుండి వచ్చారు. వచ్చేటప్పుడు ఆన్‌లైన్‌లో బోర్డింగ్ పాస్ రాలేదు. కౌంటర్‌లో గంటకు పైగా నిలబెట్టి ఇచ్చారు, దాని మీద నాలుగు ‘ఎస్’లున్నాయి. బ్యాగులన్నీ విప్పారు. ఇంతలో విమానం వెళ్లిపోయింది, రాత్రంతా కుర్చీలోనే కూర్చున్నారట. ఆయన పేరు మా బస్తీలోనే ఆరుగురికి ఉంది, అదే పేరున్న ఇంకెవరో అనుకుని ఆపారేమో. చుట్టాలు ‘ఏం కేసుందట?’ అని అడుగుతున్నారు. నాన్న ఇక మనవరాలి దగ్గరికి కూడా పోనంటున్నారు. గెజిట్‌లో పేరు మార్పించమంటారా?
– ఒక కూతురు

జవాబు: వద్దమ్మా. ఇంకొకడు చేసిన తప్పుకు మీ నాన్న తన పేరెందుకు వదులుకోవాలి? మార్చినా పని జరగదు. వీసా ఫారంలో పాత పేరు కూడా రాయాల్సిందే. పెన్షన్ కాగితాల దాకా అన్నీ తిరగరాయించుకోవాలి, అదంతా తిప్పలే.

హన్మకొండ చౌరస్తాలో ఇరవై రెండేళ్లు జనానికి విమాన టికెట్లు తీసిచ్చినవాణ్ని, ఈ బాధ దగ్గర్నుంచి చూశాను. జగిత్యాల వైపు నుంచి దుబాయ్ పోయే ఒకతన్ని ఇమిగ్రేషన్‌లో ఆపేశారు. అదే పేరున్న ఇంకొకరి మీద లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటబోతే ఆపమని ఇమిగ్రేషన్‌కు ఇచ్చే నోటీసు) ఉందట. తండ్రి పేరు వేరు, పుట్టిన ఊరు వేరు. అవి సరిచూసేసరికి విమానం లేచిపోయింది. మర్నాడు నా షాపు మెట్ల మీద కూర్చుని, పాస్‌పోర్టు రెండు చేతులతో పట్టుకుని, ‘నేను కాదని మా ఆవిడకు మీరే చెప్పండి సార్’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను. పేరొక్కటే చూసి సర్క్యులర్ జారీ చేయకూడదని, పాస్‌పోర్టు వివరాలో కనీసం మూడు గుర్తింపు వివరాలో ఉండాలని 2010 నాటి హోంశాఖ నిబంధనలే చెప్పాయి. అవి పాటిస్తే అతనికి ఆ గతి పట్టేది కాదు.

అమెరికా సంగతి వేరు. అక్కడ అనుమానితుల జాబితాతో ప్రతి ప్రయాణికుడినీ పోల్చి చూస్తారు. ఒకప్పుడు విమాన సంస్థలే చూసేవి. 2004లో సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీనే పలుమార్లు ఆపారు, ‘టి. కెనడీ’ అనే మారుపేరు జాబితాలో ఉన్నందుకు. 2010 నాటికి ‘సెక్యూర్ ఫ్లైట్’ పేరుతో ఆ పని ప్రభుత్వమే తీసుకుంది. పూర్తి పేరుతో పాటు పుట్టిన తేదీ, ఆడా మగా అన్నదీ చూస్తారు. అయినా పేర్లు కలుస్తూనే ఉంటాయి. మన పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి దగ్గరగా వినిపించే పేర్లు కూడా తగులుకుంటాయి. నాలుగు ‘ఎస్’లంటే అదనపు తనిఖీ చేయాలని గుర్తు, అంతే. ఊరికే ఎంపిక చేసినా అవి పడతాయి. కేసుందని కాదు. చుట్టాలకు ఇదే చెప్పండి.

దీనికి దారి ఉంది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ‘ట్రిప్’ అనే ఫిర్యాదు పద్ధతిని 2007 నుంచి నడుపుతోంది. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు, ఫీజు లేదు. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ కాపీ జత చేయాలి. ఏ రోజు, ఏ విమానం, ఎంతసేపు ఆపారు అన్నది తమ్ముడితో కూర్చుని రాయించండి. నాన్నకు ‘రెడ్రెస్ కంట్రోల్ నంబర్’ ఇస్తారు, పేరు కలిసినా ఆయన వేరని గుర్తించడానికి వాడే నంబర్ అది. జాబితాలో ఉన్నారా లేదా అన్నది మాత్రం ఎంత అడిగినా చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే. తప్పు చేయని మనిషికి ‘మీరు కాదు’ అని ఒక్క మాట రాసిస్తే ఏం పోయింది?

ఆ నంబర్ టికెట్ తీసేటప్పుడే వేయాలి, ప్రతిసారీ. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఆధార్‌లో ‘ఎండీ’, పాస్‌పోర్టులో పూర్తిగా ‘మొహమ్మద్’ ఉన్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చేవారు. ఏజెంటు తొందరలో ‘ఎండీ’ కొట్టేస్తాడు, ఒకసారి చూసుకోండి.

నంబరుంటే ఇక ఆపనే ఆపరని నేను మాటివ్వలేను. అందుకే మధ్యలో విమానం మారేచోట కనీసం నాలుగు గంటల తేడా ఉన్న టికెట్టే తీయమనండి. షుగర్, బీపీ మాత్రలు, తమ్ముడి ఫోన్ నంబర్ రాసిన చీటీ చేతి సంచిలోనే పెట్టండి.