కుక్కతో సముద్రం ఒడ్డుకి వెళ్తానంటున్నావట

చిట్టీ,

కుక్కపిల్లని తెచ్చుకున్నావనీ, రోజూ పొద్దున్నే దాన్ని సముద్రం ఒడ్డున తిప్పుతూ సీ గ్లాస్, అదే అలలకి అరిగి నునుపెక్కిన గాజు ముక్కలు, ఏరుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అచ్చం నీ పోలికే అక్కా" అని నవ్వింది కూడా. సంతోషమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇవన్నీ ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు తప్ప వినవు. అందుకే ఉత్తరం.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆ ఒడ్డుకి కుక్కల్ని రానిస్తారో లేదో, గాజు ఏరుకోనిస్తారో లేదో కనుక్కో. కాలిఫోర్నియాలో ఫోర్ట్ బ్రాగ్ అనే ఊరి దగ్గర ఒడ్డంతా గాజే. 1967 దాకా ఊరి చెత్త అక్కడే పోశారు మరి. ఇప్పుడక్కడ పార్కు హద్దులో ఉన్న ఒడ్డున గాజు ఏరడం నిషేధం. మీ దగ్గర రూలేంటో నువ్వే చూసుకో. పిల్ల చేసిన దొడ్డి నువ్వే ఎత్తాలి, ముఖం చిట్లించకు. ఎండెక్కాక వెళ్లకు. చేతి వెనకవైపు ఇసుక మీద ఆనించి ఏడు లెక్కపెట్టు. ఆ లోపే చురుక్కుమంటే దాని కాళ్లకీ అంతే.

తాగే నీళ్లూ గిన్నే మర్చిపోవద్దు. దాహమేస్తే అది సముద్రం నీళ్లే తాగేస్తుంది. నాలుగు గుక్కలైతే విరేచనాలతో సరిపోతుంది, ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. వాంతులు చేసుకుని తూలుతూ నడిస్తే ఇంటికి తీసుకెళ్లి చూద్దామనుకోకు, నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లు. చచ్చిపడిన చేపల్ని నోట పెట్టనివ్వకు. బుంగలా ఉబ్బే చేప చచ్చినా దాని విషం చావదు.

సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని వెళ్లు. అమావాస్యకీ పున్నమికీ ఇంకా బాగా తగ్గుతుంది. ఇవాళ తగ్గిన వేళకి రేపు తగ్గదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యం. గాలివాన వెలిసిన మర్నాడైతే పండగే. ఇసుకలో వెతక్కు, గులకరాళ్లు పోగుపడ్డ చోట వెతుకు.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

నాకు చుక్క అనే కుక్క ఉండేది. నల్లది, నుదుటి మీద తెల్లటి మచ్చ. ఒకరోజు ఒడ్డున నీలం గాజు దొరికింది. తెలుపు, గోధుమ రంగు, ఆకుపచ్చ ఎన్నైనా దొరుకుతాయి. ముదురు నీలం అలా కాదు, నెలల తరబడి తిరిగినా కనబడదు. ఏదో సీసా అడుగు ముక్క, లోపల బియ్యపు గింజంత గాలి బుడగ. కానీ ఇంకా పండలేదు. తళతళా మెరుస్తోంది, అంచు బ్లేడులా ఉంది. పండిన గాజు ఊపిరి తగిలిన అద్దంలా మసగ్గా ఉంటుంది. ఇసుకా రాళ్లూ రాసి రాసి అంచులు అరగాలి, నీళ్లకి గాజులోని సోడా, సున్నం కొంచెం కొంచెంగా కరిగి పైన సన్నటి గుంటలు పడాలి. అలా పండడానికి 20, 30 ఏళ్లైనా పడుతుంది.

"నానాక రా" అని దాన్ని మళ్లీ సముద్రంలోకి విసిరేశాను. పెద్ద మంచిపని చేశానని మురిసిపోయాను కూడా. గాజు ఏరేవాళ్లు చాలామంది ఇలాగే చేస్తారు.

మూడు వారాలు కూడా కాలేదు. చుక్క నీళ్ల అంచున పరిగెడుతూ పరిగెడుతూ టక్కున ఆగిపోయింది. ముందుకాలు ఎత్తి నావైపే చూస్తోంది. నాకప్పుడే రాళ్ల మధ్య ఆకుపచ్చ ముక్కేదో కనబడింది. "వేషాలాపు, రా" అని గదమాయించి ఆ ముక్క కోసం వంగాను. పాపం, కుంటుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చుంది. తలెత్తి చూస్తే అది వచ్చిన దారంతా ఎర్రటి చుక్కలు, అల వచ్చి ఒక్కొక్కటే తుడిచేస్తోంది. కొంగు చింపి కట్టి, ఎత్తుకుని పరిగెత్తాను. అరికాలి మెత్త అడ్డంగా తెగింది. నడిచినప్పుడల్లా బరువు పడేది అక్కడే కదా, కుట్లు రెండుసార్లు విడిపోయాయి. మానినా చివరిదాకా ఆ కాలు చూసి చూసి మోపేది.

మర్నాడు వెళ్లి అదే చోట వెతికాను. దొరికింది. బుడగ చూసి గుర్తుపట్టాను.

కాబట్టి పండని గాజు కనబడితే తిరిగి నీళ్లలోకి విసరొద్దు. వింటున్నావా? గట్టి మూత ఉన్న డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చి, మందపాటి కాగితంలో చుట్టి చెత్తలో వెయ్యి. గుడ్డసంచి పనికిరాదు, చీల్చేస్తుంది. కాలు తెగితే మంచినీళ్లతో కడిగి శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టు. ముక్క లోతుగా దిగితే లాగకు, డాక్టరే తియ్యాలి.

ఇంకొకటి. గాజు వెతికే కన్ను కుక్కని చూడదు, అలనీ చూడదు. ముందు పిల్లని తిప్పు, ఆడించు, అలసిపోనీ. గాజు వేట ఆ తర్వాతే, అదీ తాడు నడుముకి కట్టుకుని, సముద్రానికి వీపు పెట్టకుండా. ఒకవేళ అల దాన్ని లాక్కెళ్లినా నువ్వు దూకొద్దు. కుక్కలు చాలాసార్లు వాటంతటవే ఈదుకుంటూ బయటికొస్తాయి, వెనక దూకిన మనుషులే మునుగుతారు. ఇది రాస్తుంటేనే చెయ్యి వణుకుతోంది, నవ్వకు.

లేత ఊదా రంగు ముక్క దొరికితే నాకు చెప్పాలి సుమా. తెల్లగా రావాలని పూర్వం గాజులో మాంగనీస్ కలిపేవారు, అది ఏళ్ల తరబడి ఎండ తగిలి ఊదాకి తిరుగుతుంది. ఇన్నేళ్లలో నాకు దొరికినవి రెండే. ఒకటి నీకిస్తాను, లాకెట్ చేయించుకో.

నా పాత రేకు డబ్బా పార్సిల్‌లో పంపుతున్నాను. అందులో గుడ్డలో చుట్టి నీలం ముక్క ఉంటుంది, విప్పేటప్పుడు జాగ్రత్త, అంచు ఇంకా అలాగే ఉంది. డబ్బా మూత బిగుసుకుపోయింది, గోళ్లతో లాగకు, చెంచాతో ఎత్తు.

పిల్లకి ఏం పేరు పెట్టావో మీ అమ్మ చెప్పనేలేదు.

మీ పెద్దమ్మ